సూది వెనుక చేయి

పాత రికార్డ్ ప్లేయర్ కనపడగానే అందరి కళ్లూ తిరిగే పళ్లెం మీదికే పోతాయి. పాటను మోసుకొచ్చేది మాత్రం పక్కన ఒదిగి ఉండే సన్నటి గొట్టం. దాని పేరు టోన్‌ఆర్మ్. యాభై అరవై ఏళ్ల వయసున్న ఆర్మ్‌ను విప్పి, కడిగి, కొత్త తీగలు వేసి మళ్లీ పాడించే పని గురించే ఈ వారం ముఖచిత్ర కథనం.

టోన్‌ఆర్మ్‌కు మనం అప్పజెప్పే పని చూస్తే జాలేస్తుంది. సూదిని పట్టు సడలకుండా పట్టుకోవాలి. అదే సూది ఎటు లాగితే అటు కిక్కురుమనకుండా పోవాలి. గట్టిగా ఉండమంటాం, ఉన్నట్టే తెలియకూడదంటాం. ఎల్పీ రికార్డు గాడి వెడల్పు మిల్లీమీటరులో దాదాపు ఇరవయ్యో వంతు. అందులో దిగే స్టీరియో సూది మొన వ్యాసార్ధం సుమారు 18 మైక్రాన్లు. సూదిని పట్టుకుని ఆర్మ్ కొసన ఉండే చిన్న పెట్టెను కార్ట్రిడ్జ్ అంటారు. సూది మొన మీద ఆర్మ్ మోపే బరువు చాలా కార్ట్రిడ్జ్‌లకు ఒకటిన్నర, రెండు గ్రాములు.

గాడికి రెండు గోడలుంటాయి. లోపలి గోడలో ఎడమ చానల్, బయటి గోడలో కుడి చానల్. ఒకే గాడిలో రెండు చానళ్లు ఇమిడ్చే ఈ పద్ధతికి ఈఎంఐ ఇంజినీరు అలన్ బ్లమ్‌లైన్ 1931లోనే పేటెంటుకు దరఖాస్తు చేశాడు. దుకాణాల్లోకి స్టీరియో ఎల్పీలు 1957-58కి గానీ రాలేదు. అప్పటికి బ్లమ్‌లైన్ లేడు. 1942లో రాడార్ పరీక్షల కోసం ఎగిరిన విమానం కూలి చనిపోయాడు. ఆయన గీసిన ఆ రెండు గోడల మీదా సూది సమానంగా ఆనాలంటే ఆర్మ్ నిష్పక్షపాతంగా ఉండాలి. బేరింగ్ కాస్త బిగిసినా, లోపలి తీగ కాస్త పక్కకు లాగినా ఒక గోడ మీద ఒత్తిడి పెరిగి రెండో గోడ మీద తగ్గుతుంది. అప్పుడు ఒక స్పీకరులో గాయని పై స్థాయికి వెళ్లినప్పుడల్లా గొంతు చిరిగినట్టు వినపడుతుంది. మనం రికార్డు అరిగిపోయిందని తేల్చేసి పక్కన పెట్టేస్తాం. రికార్డు తప్పేమీ ఉండకపోవచ్చు.

స్టేనింగ్ ఊరి సరుకు

పాత ఆర్మ్‌లన్నిటి గురించీ ఒకేసారి మాట్లాడితే ఏదీ తెమలదు. అందుకే ఒక్కదాన్నే తీసుకుందాం, ఎస్‌ఎంఈ 3009. పాత హైఫై వస్తువులు సేకరించేవాళ్ల దగ్గర తరచుగా కనపడేదీ, బాగుచేయడానికి ఓపికగా లొంగేదీ అదే.

ఇంగ్లండ్‌లో 1946లో స్కేల్ మోడల్ ఎక్విప్‌మెంట్ అనే చిన్న కంపెనీ మొదలైంది. పేరుకు తగ్గట్టే నమూనా యంత్రాలకు విడిభాగాలు చేసేది. యజమాని అలస్టర్ రాబర్ట్‌సన్-ఐక్‌మన్‌కు రికార్డుల పిచ్చి. బజారులో దొరికే ఆర్మ్‌లు నచ్చక తన వాడకానికి ఒకటి చేసుకున్నాడు. చూసినవాళ్లు మాకూ కావాలన్నారు. 1959 నుంచి అమ్మకానికి పెట్టారు. ససెక్స్ ప్రాంతంలోని స్టేనింగ్‌లో ఫ్యాక్టరీ వెలిసింది, కంపెనీ పేరు పొట్టిగా ఎస్‌ఎంఈ అయింది. పన్నెండంగుళాల ఆర్మ్‌కు 3012, తొమ్మిదంగుళాల దానికి 3009 అని పేర్లు పెట్టారు. అప్పట్లో గ్యారార్డ్ 301, థోరెన్స్ టీడీ 124 లాంటి మంచి టర్న్‌టేబుళ్లను ఆర్మ్ లేకుండానే అమ్మేవాళ్లు. ఆర్మ్ మన ఇష్టం. ఆ ఇష్టం చాలామందికి ఎస్‌ఎంఈ మీద పడింది.

మన దేశానికి ఇందులో ఒక ముడి ఉంది. 2016లో ఎస్‌ఎంఈని కొన్నది అజయ్ షిర్కే నాయకత్వంలోని కేడెన్స్ సంస్థ. క్రికెట్ చూసేవాళ్లకు బీసీసీఐ మాజీ కార్యదర్శిగా ఆ పేరు పరిచయమే. తర్వాత గ్యారార్డ్ బ్రాండు కూడా వాళ్ల చేతికే వచ్చింది. 2019 చివర్లో ఎస్‌ఎంఈ తన ఆర్మ్‌లను విడిగా అమ్మడం ఆపేసింది. దాంతో కావలసినవాళ్లకు పాతవే గతి అయ్యాయి. పాతవి అంటే సగం మరమ్మతు మన నెత్తినే.

నూనె చుక్క వేయొద్దు

బంగారం తూచే త్రాసును దగ్గరగా చూసినవాళ్లకు 3009 గుట్టు ఇట్టే అర్థమవుతుంది. త్రాసు దండె మధ్యలో కత్తి అంచులాంటి ముక్క ఒకటి చిన్న గాడిలో కూర్చుని ఉంటుంది. రాపిడి ఆ గీతంత చోటికే పరిమితం. గింజంత బరువు పడినా దండె వాలుతుంది. ఎస్‌ఎంఈ ఆర్మ్ పైకీ కిందికీ ఊగేది ఇలాంటి కత్తి అంచు మీదే. పక్కలకు తిరగడానికి మాత్రం నిలువు స్తంభంలో బాల్ బేరింగులు పెట్టారు. మొదటి రోజుల్లో కత్తి అంచును ఉక్కుతో చేశారు, తర్వాతి ఆర్మ్‌లలో నైలాన్ వచ్చింది. నైలాన్‌ది తీసేసి కంచుతో చేయించిన ముక్క వేసుకునే వాళ్లూ ఉన్నారు. నైలాన్ పగలకుండా, అంచు చెడకుండా ఉంటే దాన్ని కదపకపోవడమే మేలని నా అభిప్రాయం.

పాత వస్తువు చేతికి రాగానే మనవాళ్లు చేసే మొదటి పని కుట్టుమిషన్ నూనె డబ్బా తీయడం. ఇక్కడ అది చేటు. కత్తి అంచు పొడిగానే పనిచేయాలి. నూనె పడితే దుమ్ము అంటుకుంటుంది, ఏడాది తిరిగేసరికి మడ్డి కడుతుంది. అంచునూ, అది కూర్చునే గాడినీ ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన దూదిపుల్లతో తుడిచి ఆరనిస్తే చాలు. నిలువు స్తంభంలోని బేరింగులు విప్పక తప్పకపోతే కడిగి, పల్చటి నూనె అంటీ అంటనట్టు పెట్టాలి. అవి సాఫీగా తిరుగుతుంటే వాటి జోలికే పోవద్దు.

3009లో వయసు ముందుగా బయటపడేది తోక దగ్గర. వెనక బరువును మోసే కడ్డీ ఆర్మ్ గొట్టానికి రబ్బరు ముక్క ద్వారా తగులుకుని ఉంటుంది. కంపనాలు అటూ ఇటూ దాటకుండా ఉండేందుకు చేసిన ఏర్పాటు అది. దశాబ్దాలు గడిస్తే ఆ రబ్బరు మెత్తబడో, చిట్లిపోయో బరువు కిందికి వేలాడుతుంది. పక్క నుంచి చూస్తే గొట్టం ఒక గీతలో, తోక మరో గీతలో కనపడుతుంది. అమ్మేవాడు ఫొటోలు పైనుంచే తీసి పంపాడంటే పక్క నుంచి తీసిన ఫొటో అడిగి తెప్పించుకోండి. కొత్త రబ్బరు ముక్కలు తయారుచేసి అమ్మేవాళ్లున్నారు. మార్చడం కష్టం కాదు.

మీట దించగానే ఆర్మ్ మెల్లగా దిగాల్సింది పోయి ధబ్బున పడుతోందంటే, లిఫ్ట్ లోపలి సిలికాన్ ద్రవం ఆరిపోయిందో కారిపోయిందో అన్నమాట. అది తేనె కన్నా ఎన్నో రెట్లు చిక్కగా ఉంటుంది. మామూలు సిలికాన్ స్ప్రే దానికి బదులు కాదు. లిఫ్ట్ బాగయ్యేదాకా మంచి సూది ఆ ఆర్మ్‌కు పెట్టకండి.

ఇక హెడ్‌షెల్. ముందు భాగాన కార్ట్రిడ్జ్‌ను మోసే ఈ ముక్క ఒక బిగింపు రింగుతో గొట్టానికి తగులుకుంటుంది. లోపల నాలుగు స్ప్రింగు పిన్నులుంటాయి. టెక్నిక్స్, డెనాన్ లాంటి జపాన్ కంపెనీల ఆర్మ్‌లలోనూ ఈ బిగింపే కనపడుతుంది. ఒక చానల్ వస్తూ పోతూ ఉంటే, సోల్డరింగ్ ఐరన్ వేడి చేసే ముందు ఈ నాలుగు పిన్నులనూ చూడండి. నల్లగా మాసి ఉంటాయి. ఆల్కహాల్‌తో తుడిచి, ఒక్కొక్కదాన్ని అగ్గిపుల్లతో నొక్కి స్ప్రింగు లేస్తోందో లేదో చూసుకోవాలి. తీగ తెగిందనుకున్న ఆర్మ్‌లలో చాలావాటి జబ్బు ఇక్కడే నయమవుతుంది.

నాలుగు రంగుల తీగలు

నయం కానప్పుడే తీగలు మార్చాలి. ఆర్మ్ లోపల నాలుగు తీగలుంటాయి. ఎరుపు కుడి చానల్ సిగ్నల్, ఆకుపచ్చ దాని తిరుగుదారి. తెలుపు ఎడమ చానల్, నీలం దాని తిరుగుదారి. ఈ రంగుల లెక్క దాదాపు అన్ని కంపెనీలదీ ఒకటే. వీటితో పాటు ఆర్మ్ లోహానికి ఎర్త్ తీగ వేరుగా ఉంటుంది.

ఈ తీగల్లో పారే సిగ్నల్ ఎంత చిన్నదో తెలిస్తే తర్వాతి జాగ్రత్తలన్నీ చాదస్తం అనిపించవు. మూవింగ్ మాగ్నెట్ కార్ట్రిడ్జ్ ఇచ్చేది మూడు నుంచి ఐదు మిల్లీవోల్టులు. మూవింగ్ కాయిల్ రకమైతే అందులో పదో వంతు. ఫోనో ప్రీయాంప్ దాన్ని వంద రెట్లు పెంచుతుంది. అంతటితో అయిపోలేదు. 1954లో అమెరికా రికార్డు కంపెనీలు ఒప్పుకున్న ఆర్‌ఐఏఏ పద్ధతి ప్రకారం రికార్డు కోసేటప్పుడు కింది స్వరాలను తగ్గించి, వినేటప్పుడు మళ్లీ పెంచుతారు. 50 హెర్ట్జ్ దగ్గర ఆ పెంపు మధ్య స్వరాలకన్నా ఏడు రెట్లు. మన ఇళ్లలోని కరెంటు ఫ్రీక్వెన్సీ కూడా 50 హెర్ట్జే. అంటే ఎర్త్ సరిగా లేని తీగలోకి చొరబడే కరెంటు రొదను ప్రీయాంప్ ఏడు వందల రెట్లు పెంచి స్పీకరుకు పంపుతుంది. పాత ఆర్మ్‌లలో వినపడే గుయ్యిమనే రొద వెనక ఉన్న లెక్క ఇది.

మన తాతల కాలపు హెచ్‌ఎంవీ సూట్‌కేసు ప్లేయర్లలో ఈ బాధ ఎందుకు లేదని అడగొచ్చు. వాటిలో ఉన్నవి క్రిస్టల్, సెరామిక్ కార్ట్రిడ్జ్‌లు. వందల మిల్లీవోల్టులు ఇచ్చేవి. తీగ మొద్దుగా ఉన్నా, ఎర్త్ అంతంతమాత్రంగా ఉన్నా నెట్టుకొచ్చేవి. బదులుగా సూది మీద బరువు ఎక్కువ మోపేవి. అందుకే ఆ ప్లేయర్ల మీద అరిగిన రికార్డులు ఇప్పుడు ఎంత మంచి ఆర్మ్ కింద పెట్టినా గరగరమంటాయి.

సరే, తీగ మార్చే పని. కార్ట్రిడ్జ్ ముందే విప్పి డబ్బాలో పెట్టేయాలి. మల్టీమీటరుతో తీగలు పరీక్షించేటప్పుడు కార్ట్రిడ్జ్ తగిలి ఉంటే మీటరు పంపే కరెంటు సన్నటి కాయిల్ గుండా పోతుంది. మూవింగ్ కాయిల్ రకాలకు అది హాని చేయగలదు.

పాత తీగను ఊరికే లాగి పారేస్తే కొత్తది ఎక్కించడానికి చుక్కలు కనపడతాయి. అడుగు వైపు కొసకు సన్నటి నైలాన్ దారం ముడేసి, ముడి మీద ఒక చుక్క జిగురు పెట్టి ఆరనివ్వాలి. ముందు వైపు సాకెట్టును మెల్లగా బయటికి తీసి, దాని వెనక నాలుగు టంకాలనూ కరిగించి తీగలను వదిలించాలి. ఏ రంగు ఏ పిన్నుదో ముందే ఫొటో తీసుకోవాలి. ఇప్పుడు ముందు వైపు నుంచి తీగలను లాగితే అవి బయటికొస్తూ దారాన్ని గొట్టమంతా పరిచిపోతాయి. ఆ దారానికి కొత్త తీగలు కట్టి అడుగు వైపు నుంచి దారాన్ని లాగాలి. కొన్ని ఆర్మ్‌లలో కంపనాలు అణచడానికి గొట్టంలో నురగ రబ్బరు కూరి ఉంటారు. తీగ అక్కడ ఆగిందంటే బలం చూపకూడదు. వెనక్కి కాస్త వదిలి, వేళ్ల మధ్య తీగను తిప్పుతూ మళ్లీ లాగాలి.

కొత్త తీగ ఏది అంటే, సన్నటి రాగి లిట్జ్ తీగ. వెంట్రుక కన్నా సన్నటి పోగులు కొన్నిటిని ఒక్కోదానికీ ఎనామిల్ పూత పూసి పేనుతారు. సన్నగా ఉంటుంది, మెత్తగా వంగుతుంది. చిక్కల్లా ఆ పూతతోనే. అది పోకపోతే టంకం అంటుకున్నట్టే కనపడుతుంది కానీ రెండు మూడు పోగులే తగులుకుని ఉంటాయి, నాలుగు నెలలకు చానల్ మాయమవుతుంది. టంకంతో కాలిపోయే పూత అయితే ఐరన్ మొన మీద కరిగిన టంకం ముద్ద నిలిపి తీగ కొసను అందులో ముంచి ఉంచాలి. చిన్న పొగ లేస్తుంది, పూత కాలి పోగులన్నీ ఒకేసారి వెండిరంగుకు మారతాయి. ఆ మెరుపు కనపడేదాకా కదలకూడదు. పాతకాలపు పూతలు ఇలా కాలవు, మొండి బ్లేడుతో గీకాలి.

టంకం 63/37 రకం మంచిది. 183 డిగ్రీల దగ్గర ఒక్కసారిగా కరిగి ఒక్కసారిగా గట్టిపడుతుంది, మధ్యలో ముద్దముద్దగా ఉండే దశ లేదు కాబట్టి చేయి వణికినా అతుకు చెడే అవకాశం తక్కువ. ఐరన్, టంకం, ఫ్లక్స్, ఆల్కహాల్ లాంటి సరంజామాకు హైదరాబాద్‌లో కోఠి గుజరాతీ గల్లీ, చెన్నైలో రిచీ స్ట్రీట్ ఉండనే ఉన్నాయి. ఆర్మ్ తీగ మాత్రం ఆన్‌లైన్‌లో తెప్పించుకోవడమే సులువు. సాకెట్టులో పిన్నులను పట్టి ఉంచేది పాత ప్లాస్టిక్. ఒక్కో పిన్ను మీద రెండు సెకన్లకు మించి ఐరన్ పెడితే పిన్ను పక్కకు ఒరుగుతుంది, ఆ తర్వాత ఏ హెడ్‌షెలూ సరిగా కూర్చోదు. కార్ట్రిడ్జ్ పిన్నులకు నేరుగా టంకం వేయడం అసలు తలపెట్టొద్దు. వేడికి లోపలి కాయిల్ తీగ ఊడిపోతుంది. హెడ్‌షెల్ తీగల చివరి ట్యాగులకు టంకం వేయాలంటే వాటిని పళ్లు కుట్టుకునే పుల్లకు తొడిగి వేయాలి.

ముందు వైపు నాలుగు అతుకులూ అయ్యాక, అడుగు వైపు టంకం వేయకముందే మల్టీమీటరు తీయాలి. ఎరుపు పిన్ను నుంచి ఎరుపు కొసకు బీప్ రావాలి. ఎరుపు నుంచి మిగతా మూడింటికీ, గొట్టం లోహానికీ రాకూడదు. ఇలా నాలుగూ చూసుకోవాలి. గొట్టంతో బీప్ వచ్చిందంటే తీగ పూత ఎక్కడో గీరుకుపోయినట్టే.

వెండి మీద మోజు

ఈ రంగంలో డబ్బు ఎక్కువగా వృథా అయ్యే చోటు ఇదే. వెండి తీగ వేస్తే గొంతు తేటపడుతుందని చెప్పి వేలకు వేలు గుంజుతారు. లెక్క చూద్దాం. ఆర్మ్‌లోని సన్నటి రాగి తీగ నిరోధం ఆ చివర నుంచి ఈ చివరకు మహా అయితే ఒకటి రెండు ఓములు. మూవింగ్ మాగ్నెట్ కార్ట్రిడ్జ్ కాయిల్ నిరోధమే వందల ఓములు. అది చూసే ప్రీయాంప్ లోడు 47,000 ఓములు. రాగి కన్నా వెండి కరెంటును మోసేది ఆరు శాతం మెరుగ్గా. ఒక ఓములో ఆరు శాతం తగ్గితే 47,000 ఓముల ముందు ఏం ఒరుగుతుంది?

చెవికి తేడా తెలిసే విషయం ఇంకొకటుంది, దాన్ని అమ్మేవాళ్లు తక్కువ. కేబుల్ కెపాసిటెన్స్. కార్ట్రిడ్జ్ కాయిల్ 500 మిల్లీహెన్రీలనుకుందాం. కేబులూ, ప్రీయాంపూ కలిపి 250 పికోఫారడ్లు జతపడితే రెండూ కలిసి 14 వేల హెర్ట్జ్ దగ్గర అనునాదం చెందుతాయి. పొడవాటి, మందపాటి కేబుల్ వేసి దాన్ని 400 చేస్తే ఆ చోటు 11 వేలకు దిగిపోతుంది. ఆ దాపున మోత పెరిగి, దాని పైన పడిపోతుంది. తాళాల గలగల, వయొలిన్ కమాను రాపిడి అక్కడే ఉంటాయి. అందుకే ఆర్మ్ నుంచి ప్రీయాంప్‌కు పోయే కేబుల్ పొట్టిగా, తక్కువ కెపాసిటెన్స్‌తో ఉండాలి. ఖరీదుతో పనిలేదు.

తీగ ఏ లోహమన్నదానికన్నా ఎంత మెత్తగా ఉందన్నది ముఖ్యం. గొట్టంలోంచి స్తంభంలోకి దిగే చోట నాలుగు తీగలూ చిన్న వంపు తిరగాలి. ఆ వంపు బిగువుగా ఉంటే స్ప్రింగులా ఆర్మ్‌ను ఒక వైపుకు లాగుతూనే ఉంటుంది. పరీక్ష తేలిక. వెనక బరువు సర్ది ఆర్మ్‌ను సమతూకంలో నిలపాలి, సూది లోపలికి జారకుండా ఆర్మ్‌ను వెనక్కి లాగే యాంటీ స్కేటింగ్ దారం తీసేయాలి. మెల్లగా ఊదితే ఆర్మ్ పక్కకు పోవాలి, పోయిన చోటే ఆగిపోవాలి. తిరిగి వస్తోందంటే తీగ లాగుతోంది. వంపును వదులు చేసి మళ్లీ ఊదండి. ఎన్నిసార్లయినా సరే. ఈ ఒక్క పరీక్ష నెగ్గిన చవక తీగ, నెగ్గని వెండి తీగ కన్నా బాగా పాడుతుంది.

ఎర్త్ సంగతి కూడా ఇక్కడే తేల్చుకోవాలి. ఆర్మ్ లోహం నుంచి ఒక తీగ ప్రీయాంప్ ఎర్త్ మరకు పోవాలి, ఒకే దారిలో. కొన్ని షూర్ కార్ట్రిడ్జ్‌లలో కుడి చానల్ తిరుగుదారిని కార్ట్రిడ్జ్ ఒంటికి కలిపే చిన్న రేకు ఉంటుంది. పాత రేగా ఆర్మ్‌లలో ఆర్మ్ ఎర్త్‌ను ఎడమ చానల్ తిరుగుదారికే కలిపేశారు. ఇలాంటివి ఉన్నప్పుడు మనం వేరే ఎర్త్ తీగ కూడా వేస్తే రెండు దారులు ఏర్పడి రొద తగ్గకపోగా పెరుగుతుంది. అన్నీ సరిగా ఉండీ రొద పోకపోతే ముందు అనుమానించాల్సింది ఈ రెండో దారినే.

జోడీ కుదరాలి

బాగుచేసిన ఆర్మ్‌కు ఏ కార్ట్రిడ్జ్ పడితే అది నప్పదు. సూది కడ్డీ సాగే గుణం, ఆర్మ్ బరువు కలిసి ఒక ఫ్రీక్వెన్సీలో ఊగుతాయి. 8 నుంచి 12 హెర్ట్జ్ మధ్య ఉంటే మంచిది. అంతకన్నా దిగితే రికార్డు వంకరలకు ఆర్మ్ ఎగిరెగిరి పడుతుంది. 3009 తేలికైన ఆర్మ్, మెత్తటి సూది కడ్డీల కాలంలో పుట్టింది. 1960ల్లో జపాన్ ప్రసార సంస్థ ఎన్‌హెచ్‌కే కోసం తయారై, ఇప్పటికీ అమ్ముడవుతున్న డెనాన్ డీఎల్-103 గొప్ప కార్ట్రిడ్జే. కానీ దాని కడ్డీ బిరుసు, బరువైన ఆర్మ్ అడుగుతుంది. పేరు చూసి 3009కి బిగించి, పేలవంగా ఉందని ఆర్మ్‌ను తిట్టేవాళ్లను చూస్తుంటాం.

ఇక సూది గాడిలో నిలిచే కోణం. దాని లెక్క 1938లో స్వీడన్‌కు చెందిన లోఫ్‌గ్రెన్, 1941లో బేర్వాల్డ్ తేల్చేశారు. రికార్డు కోసే యంత్రం తిన్నగా జరుగుతుంది, మన ఆర్మ్ వంపుగా తిరుగుతుంది. ఆ తేడా వల్ల వచ్చే దోషం రెండు చోట్ల సున్నా అయ్యేలా సర్దాలి. 3009లో అయితే కార్ట్రిడ్జ్‌ను కదపనక్కర్లేదు, ఆర్మ్ స్తంభమే పట్టాల మీద ముందుకూ వెనక్కూ జరుగుతుంది. కంపెనీ ఇచ్చిన అట్టముక్క మీద సూది నిలిపి, హెడ్‌షెల్ గీతలకు సమాంతరంగా ఉండేలా జరిపి మరలు బిగిస్తే సరి. సూది బరువు కార్ట్రిడ్జ్ కంపెనీ చెప్పిన హద్దుల్లో పై అంచుకు దగ్గరగా పెట్టండి. తక్కువ బరువు రికార్డుకు మేలని ఒక అపోహ ఉంది. సూది గాడిలో ఆనక ఎగిరిపడితేనే గోడలు దెబ్బతింటాయి.

తెలుగు రికార్డులు వినేవాళ్లకు విప్పి తగిలించే హెడ్‌షెల్ ఉన్న 3009 మరీ పనికొస్తుంది. మన ఇళ్లలో ఉన్నవి ఒక్క రకం కాదు. పాత 78 ఆర్పీఎం సినిమా పాటల ప్లేట్లు లక్కతో చేసినవి. ఆ లక్కకు ప్రపంచమంతటికీ పెద్ద వనరు మన దేశమే. వాటి గాడి వెడల్పైనది, అందుకే సూది మొన వ్యాసార్ధం 75 మైక్రాన్ల దాపున ఉండాలి. ఎల్పీ సూది అందులో వేస్తే అడుగున దొర్లుతుంది తప్ప గోడలకు ఆనదు. తర్వాత నాలుగు పాటల ఈపీలు, ఆపైన ఘంటసాల భగవద్గీత, తిరుమల తిరుపతి దేవస్థానం కోసం ఎం.ఎస్. సుబ్బులక్ష్మి పాడిన బాలాజీ పంచరత్నమాల లాంటి ఎల్పీలు. రెండు హెడ్‌షెళ్లు పెట్టుకుని, ఒకదానికి 78ల సూది, ఇంకోదానికి ఎల్పీ సూది బిగించుకుంటే మార్చడం అర నిమిషం పని. మార్చినప్పుడల్లా సూది బరువు మళ్లీ చూసుకోవాలి, అంతే.

ఖర్చు విషయంలో నా లెక్క ఇది. మీ దగ్గరున్న డబ్బులో పెద్ద వాటా కొత్త సూదికి పెట్టండి. మిగిలింది రబ్బరు ముక్క, లిఫ్ట్ ద్రవం, మామూలు రాగి లిట్జ్ తీగ, పొట్టి కేబుల్‌కు సరిపోతుంది. మెరుగు పెట్టించి కొత్త దానిలా చేయించడం, క్రోమ్ పూత వేయించడం పాటకు పనికిరాని ఖర్చు.

ఇంట్లో అటక మీద పాత ప్లేయర్ ఉండి దాన్ని దించబోతుంటే, ఆర్మ్‌ను ముందు దాని రెస్ట్‌కు మెత్తటి గుడ్డతో కట్టండి. వెనక బరువు విప్పి విడిగా చుట్టండి. ఎవరికైనా పంపాల్సి వచ్చినా అంతే, బేరింగులు ఎక్కువగా పాడయ్యేది రవాణాలోనే. హెడ్‌షెల్ పిన్నులు తుడవకుండా తీగలు కోయకండి. కొత్త సూది పెట్టనిదే అమ్మానాన్నల రికార్డుల మీద ఆర్మ్ దించకండి.